కనకవ్వ అడిగి తెచ్చిన గంజులు

కనకవ్వ ఇంట్లో గిన్నెలకు కొదువ లేదు. అయినా ఎవరింటి నుంచో ఒక గంజు అడిగి తేనిదే ఆమెకు తెల్లవారినట్టుండేది కాదు. మంథని దగ్గర ఆరెకరాల వరి, రెండు బర్రెలు, కొడుకు రంజిత్, అన్నిటినీ ఒంటిచేత్తో నడిపిన మనిషి అన్నం వండే గిన్నె కోసం వాడకట్టు మీద పడేది.

జమునకు పెండ్లిచూపుల నాడే తెలిసింది. కాబోయే అత్త పిల్ల నడక చూడలేదు, చదువు అడగలేదు. వంటింటి వైపు మెడ సాచింది.

"పిల్ల సంగతి సరే. గా మూలకున్న గంజు జర ఇస్తరా?"

గంజు ఆ పూటే కాపురానికి పోయింది. జమున రెండు నెలల తర్వాత పోయింది.

కొత్త కోడలు సిగ్గుతో చచ్చి, బజారులో ఆరు గంజులు కొని వరసగా పేర్చింది.

"అత్తమ్మా, ఇగ అడుక్కునుడు బందువెట్టు. ఇజ్జత్ పోతుంది."

కనకవ్వ ఆరింటినీ తట్టి చూసింది. "మంచిగున్నయ్ బిడ్డా" అని మెచ్చుకుని, నేరుగా వాడకట్టులోని నవత ఇంటికి పోయి గంజు తెచ్చింది.

తిరిగివ్వడమూ తానే. కోడలిని ముట్టనిచ్చేది కాదు. "నువ్వు సొట్టలు వెడతవ్."

ఇది చాలదన్నట్టు బియ్యం బస్తా ఇరవై రోజులకే అడుగంటేది. "ఎలుకలు" అనేది కనకవ్వ. రంజిత్ బోను తెచ్చాడు, ఆ తర్వాత రెండు పిల్లులను తెచ్చాడు. ఎలుక ఒక్కటీ దొరకలేదు. పిల్లులు పెరుగన్నం తిని బలిశాయి.

మొన్న నాట్లు ముగియగానే కనకవ్వ పోయింది. దినాలయ్యాక అటక మీద పరాయి గంజులు పందొమ్మిది తేలాయి. పోయిన ఇజ్జత్ తిరిగి తెచ్చుకుందామని జమున అన్నిటినీ తళతళా తోమి ఇల్లిల్లూ తిరిగింది. తీసుకున్న ప్రతివాళ్లూ మూత తీసి లోపలికి చూశారు. ఎవరూ సంతోషపడలేదు.

చివరికి నవత ఇల్లు. దుబాయిలో ఆమె మగడి పని పోయి ఏడాది. అయినా ఎవరిస్తానన్నా పిడికెడు గింజలు పుచ్చుకోని మనిషి. చూపు ఆనని ఆమె అత్త గంగుబాయి గంజు అందుకుని, చెయ్యి పెట్టి అడుగుదాకా తడిమింది.

"కనకవ్వ పోయిందంటే నమ్మలే," అంది. "గిప్పుడు నమ్ముతున్న."

"ఊకో అత్తమ్మా," అంది నవత తల వంచుకుని.

"ఊకునుడేంది? అడిగి తెచ్చిన గిన్నె ఉత్తగ తిరిగియ్యద్దని రివాజు. గా రివాజు వట్టుకొనే గదా ఏడాది సంది మన పొయ్యి మండుతుంది."

జమున గడప దిగబోయి వెనక్కి తిరిగింది.

"నవతా, గా గంజు మల్లొకసారి ఇస్తవా?"

నవత ఆమె మొహంలోకి చూసింది. లోపలికి పోయి ఇంకా పెద్దది తెచ్చింది.

వారం తిరగకుండానే రంజిత్ బస్తాలోకి తొంగిచూశాడు. "జమునా, బియ్యం మల్ల తగ్గినయేంది?"

"ఎలుకలు," అంది జమున.

ఆ పూట నుంచి పిల్లులకు పెరుగన్నం బందయింది.