బీరువా వెనక గోడ

మా తమ్ముడు గోడలకు రంగులు వేస్తాడు. తమ్ముడని చెప్పడం కాదు గానీ, మచ్చను మాయం చేయడంలో వాడిని మించినవాడు మా చుట్టుపక్కల లేడు. ఇళ్ల ఓనర్లు వాడిని మచ్చల డాక్టరు అంటారు. అద్దెకున్నవాళ్లు ఖాళీ చేయగానే మొదటి ఫోను వాడికే. బూజు పట్టిన చోట రేకుతో గీకి, లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, రెండుసార్లు రంగు పూస్తే గోడ నిన్న కట్టినట్టు ఉంటుంది. చివరగా ఆ ఇంట్లో ఓనరు ఉంచిన బీరువాను తోసుకొచ్చి ఆ చోటుకు అడ్డం పెడతాడు. చూడటానికి వచ్చినవాళ్లు రంగు వాసన పీల్చి, బాగుందని తాళం అడుగుతారు.

నేను పై వాటాలో బట్టలు కుట్టుకుంటూ ఉంటాను. కింది వాటా ఖాళీ అయినప్పుడు వాడే రంగు వేశాడు, వాడే అందులో దిగాడు. వెనక గది గోడకు అవతల స్నానాల గది. గోడలో పైపు కారుతోందని వాడికి తెలుసు. ఓనరుకు చెప్పాడు కూడా. "గోడ పగలగొడితే పది రోజుల పని. నువ్వు రంగెయ్యవయ్యా" అన్నాడాయన.

"తెలిసి తెలిసి ఎందుకు దిగుతున్నావురా?" అని అడిగాను.

"ఆ గోడ నేనే వేశానక్కా. ఐదేళ్ల దాకా దానివైపు చూడక్కర్లేదు."

వాడి పని మీద వాడికి ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు.

వాడికి ఒక్కతే కూతురు. ఏడేళ్లు. పిచిక అంటాం. మూడో ఏటి నుంచి ఉబ్బసం ఉంది గానీ, ఎప్పుడో ఒకసారి మందు పంపు పీలిస్తే సరిపోయేది. ఆ గదిలోకి వచ్చిన రెండో నెల నుంచి నిద్ర లేస్తూనే పిల్లికూతలు. దాని మంచం ఆ గోడ పక్కనే. గోడ మీద మిరియాలు చల్లినట్టు నల్లచుక్కలు తేలాయి.

పిల్లకు ఆయాసం వచ్చినప్పుడల్లా మా వాడు చేసే పని ఒకటే. మందుల చీటీ మా మరదలి చేతిలో పెట్టి, రంగు డబ్బా మూత తీసేవాడు. గోడ శుభ్రంగా ఉంటే పిల్ల బాగుంటుందని వాడి నమ్మకం. ఆరు నెలల్లో నాలుగుసార్లు వేశాడు. ఏ రంగో పిచికే చెప్పేది. నేనేమన్నా తక్కువ తిన్నానా? ఐసుముక్కలు చప్పరిస్తోందని పిల్లనే తిట్టేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

ఆ ఆదివారం పొద్దున్నే వాన పట్టుకుంది. జల్లు కొడుతోందని కిటికీ మూశారు. వాడు ఐదోసారి గీకడం మొదలుపెట్టాడు. గోడ తడపలేదు, ముక్కుకు గుడ్డ కట్టుకోలేదు. పిచిక మంచం మీద కూర్చుని లప్పం గిన్నె పట్టుకుంది. "నాన్నా, ఈసారి ఆకుపచ్చ" అంటోంది. రాలిన పొడి దుప్పటి మీద, దాని జుట్టు మీద పడుతోంది. నేను గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాను. చూస్తుండగానే గిన్నె కింద పడింది. పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. పంపు ఎన్నిసార్లు కొట్టామో గుర్తులేదు. పెదాలు నీలంగా మారాయి.

ఆస్పత్రిలో పిల్లకు మాస్కు పెట్టాక డాక్టరమ్మ మా తమ్ముడి చొక్కా వైపు చూసింది.

"ఏంటా పొడి?"

"గోడ గీకుతున్నానండి. బూజు."

"అప్పుడు పాప ఎక్కడుంది?"

"పక్కనే ఉందండి. గిన్నె పట్టుకుంది."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రంగేస్తే బూజు పోదు బాబూ. చెమ్మ ఉన్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటుంది. పొడిగా గీకితే ఆ ధూళంతా గాల్లో కలుస్తుంది. ఉబ్బసం ఉన్న పిల్లలు దాన్ని తట్టుకోలేరు. ముందు ఆ పైపు బాగుచేయించండి. అందాకా పాపను ఆ గదిలోకి రానివ్వకండి" అంది. వాడు తలూపాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. గోడ గీకిన రేకు ఇంకా వాడి చేతిలోనే ఉంది.

మూడు రోజులకు పిల్లను ఇంటికి పంపారు. ముగ్గురినీ నా వాటాలోకి తెచ్చేసుకున్నాను. పిల్లికూతలు తగ్గాయి, పిచిక బడికి వెళుతోంది. మా వాడే మనిషి కాలేదు. తిన్నావా అంటే తిన్నానంటాడు, ఏం తిన్నావంటే చెప్పలేడు. నేనూ కుట్టిన చోటే మళ్లీ కుట్టి విప్పుకుంటున్నాను. పిల్ల దక్కింది కదా, సంతోషించాలి కదా అనుకుంటాను. సంతోషం రాదు. ఏడుపూ రాదు.

పదిహేను రోజులకు ఓనరు వచ్చాడు. "కింది వాటాకి మనుషులు కుదిరారు. చంటిపిల్ల ఉందట, కాస్త శుభ్రంగా వేసిపెట్టు" అన్నాడు మా వాడితో.

"పైపు బాగుచేయించండి."

"అది తర్వాత చూద్దాంలే."

"అయితే నేను వెయ్యను."

ఓనరు నవ్వి ఇంకో పెయింటరును పిలిపించుకున్నాడు. రెండు రోజుల్లో పని అయిపోయింది. తలుపు తీసి ఉంటే తొంగిచూశాను. గోడ చక్కగా ఉంది. బీరువా, మా వాడు పెట్టే చోటే ఉంది.

కొత్తవాళ్లు దిగిన మర్నాడు పొద్దున వాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కింద చంటిపిల్ల దగ్గింది. చంటిపిల్లలు దగ్గరా ఏమిటి? నేను అదే అన్నాను. వాడు లేచి మెట్లు దిగడం మొదలుపెట్టాడు.

"ఒరే, ఓనరుకి తెలిస్తే మనల్నీ ఖాళీ చేయమంటాడురా. పిల్లనేసుకుని ఎక్కడికి పోతాం?"

వాడు ఆగాడు. ఒక్క క్షణమే. వెళ్లి తలుపు తట్టాడు. బిడ్డను భుజాన వేసుకుని ఒకామె తీసింది. ఎవరు కావాలని అడిగింది. వాడు ఆమె భుజం మీది బిడ్డనే చూస్తూ నిలబడ్డాడు. ఆమె తలుపు వేసేయబోయింది.

"ఈ ఇంటికి ఇన్నాళ్లూ రంగులేసింది నేనేనమ్మా" అన్నాడు. "ఆ బీరువా ఒకసారి జరిపి, గోడ మీద చెయ్యి పెట్టి చూడండి."