గోడ మీద ముసుగు

పురిటికి ఆ చిన్న గదే బాగుంటుందని మా అత్తగారే అన్నారు. ఈదురుగాలి కొట్టదు, గోడకు అవతలే స్నానాల గది, వేణ్ణీళ్లు తెచ్చుకోవడం సుళువు. నాకు తల్లి లేదు. తొలికాన్పుకి పుట్టింటికి వెళ్లినా చేసేవాళ్లు లేరు. అందుకని ఆవిడే కృష్ణా జిల్లా నుంచి పటాన్‌చెరు దగ్గర మా ఫ్యాక్టరీ క్వార్టరుకి వచ్చారు. ఆ వయసులో, ఆ మడీ ఆచారాలతో అంతదూరం రావడం నా కోసమే. అది దేవుడు నాకు చేసిన ఉపకారమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

డెబ్భైల మొదట్లో మాట. ఎండలు ముదిరిన రోజులు. ఒక మధ్యాహ్నం ఆ గదిలో, మంచం తలవైపు గోడ మీద చెమ్మ కనిపించింది. చూస్తూండగానే కిందికి దిగి, ఒక ఆకారం కట్టింది. తలమీద కొంగు కప్పుకుని, తల కాస్త వంచి నిలబడ్డ ఆడమనిషిలా ఉంది. సాయంత్రానికి ఎండిపోయింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. అదే చోట, అదే ముసుగు.

మావారు డ్యూటీ నుంచి వచ్చాక స్నానాల గదంతా వెతికారు. షవరు కారుతోందేమోనని దాని కింద చెయ్యి పెట్టి చూశారు. ఒక్క చుక్క లేదు. అసలు దాన్ని మేమెవరం తిప్పిన పాపాన పోలేదు. బకెట్టు, చెంబు, అంతే మా స్నానం. మేడెక్కి ట్యాంకు చూశారు. నేల అంచుల్లో సిమెంటు పూశారు. అయినా మర్నాడు ఆవిడ వచ్చింది. అప్పటికి మేం ఆ చెమ్మని "ఆవిడ" అనడం మొదలుపెట్టాం. అలా అనడం మొదలయ్యాక ఆ గదిలో ఒంటరిగా ఉండలేకపోయేదాన్ని.

పక్క ఊరు చిట్కుల్ నుంచి పెరుగు తెచ్చే ఆమె గడపలో నిలబడి తొంగి చూసింది.

"ఏందమ్మా, గోడకు గిట్ల చెమట పడ్తుంది?" అంది. తరవాత గొంతు తగ్గించి మా అత్తగారితో, "గీ క్వార్టర్లు కట్టకముందు గీడ ఏముండెనో ఎవలికెరుక పెద్దమ్మా? బొంతపల్లి వీరభద్రుని కాడికి పోదాం రా. నేను తోల్కపోత" అంది.

ఇద్దరూ వెళ్లి, రాత్రి అక్కడే ఉండి వచ్చారు. ఆ రెండు రోజులూ గోడ పొడిగా, తెల్లగా ఉంది. నేను స్వామికి ఎన్ని దణ్ణాలు పెట్టుకున్నానో. అత్తగారు రాగానే గోడకి విభూతి రాశారు. మర్నాడు మధ్యాహ్నం ఆ విభూతిని తడుపుకుంటూ ముసుగు మళ్లీ దిగింది.

అత్తగారు దాన్నే చూశారు. తన నెత్తిమీది కొంగు సర్దుకున్నారు.

"నేను లేనప్పుడు రాలేదు కదూ?"

రాలేదన్నట్టు తలూపాను.

"మరి నేనేనే అది. ఆ తల వంపు చూడు. పసుపు కుంకాలు పోయినదాన్ని, నా నీడ పురిటి గదిలో పడకూడదని చెబుతోంది. ఆదివారం నన్ను బస్సెక్కించమని వాడితో చెప్పు."

"మీరు వెళ్తే నాకెవరున్నారు అత్తయ్యా?"

"బిడ్డ క్షేమం కంటేనా?" అని బట్టలు మడతపెట్టుకోసాగారు.

శనివారం మధ్యాహ్నం అత్తగారు వంటింట్లో జపంలో ఉన్నారు. నేను దేవుణ్ణి తలుచుకుని ఆ గదిలోకి వెళ్లి గోడకి చెవి ఆనించాను. లోపల ఎవరో ఏడుపు ఆపుకుంటున్నట్టు, ఆగి ఆగి చప్పుడు.  అయినా అవతల స్నానాల గదిలోకి వెళ్లాను.

షవరు గొట్టం మీద అత్తగారి తడి చీర వేలాడుతోంది. అది మడిచీర. స్నానం కాగానే తడిపి ఆరేస్తే, మర్నాడు ఆవిడ కట్టుకునేదాకా ఎవరూ తాకకూడదు. దొడ్లో ఆరేస్తే పొగగొట్టాల మసి, పక్కింటి పిల్లల చేతులు. అందుకని ఎవరూ ముట్టని ఆ షవరు మీదికి కర్రతో వేసి, సాయంత్రం ఆరాక తీసుకునేవారు. మావారు వచ్చేసరికి అక్కడ చీర ఉండేది కాదు.

కర్రతో చీరని కొంచెం ఎత్తాను. గొట్టం కూడా వెంట్రుకవాసి పైకి లేచింది. గోడలో చప్పుడు ఆగిపోయింది. దించాను. మళ్లీ మొదలైంది. మళ్లీ ఎత్తాను, మళ్లీ ఆగింది. 

ఆవిడ జపం నుంచి లేచాక చెప్పాను. "అత్తయ్యా, అది మీరు కాదు. మీ చీర."

"నా చీరైతే నేను కానట్టా?" అన్నారు.

ఆదివారం బస్సు బదులు, ఫ్యాక్టరీ నుంచి ప్లంబర్ వచ్చాడు. గోడ తవ్వి లోపల గొట్టం వంపు చూపించాడు.

"పెద్దమ్మా, షవర్‌ను దండెం చేసినవా? గీ కుళాయి సక్కగ మూతపడ్తలేదు, జెర జెర నీళ్లు పైకి ఎక్కుతున్నయి. తడి చీరె బరువుకు గొట్టం వంగంగనే గీ మర చుట్టు కాడ సందు పడ్తుంది, నీళ్లన్ని గోడ లోపల్కే పోతున్నయి. దయ్యం గియ్యం ఏం లేదు."

"దయ్యం సంగతి నిన్నెవరడిగారు నాయనా? నీ పని కానీ."

అతను నవ్వుకుంటూ కుళాయిలో వాచరు మార్చాడు. గొట్టం మర చుట్లకి జనపనార చుట్టి, తెల్లరంగు పూసి బిగించాడు. సిమెంటు మెత్తి, చీర కోసం పైకప్పు దగ్గర ఒక తీగ కూడా కట్టి వెళ్లాడు.

మర్నాడు అత్తగారు చీరని తీగ మీద వేసి, వచ్చి గోడ ముందు పీట వేసుకు కూర్చున్నారు. అన్నానికి పిలిస్తే లేవలేదు. నేనూ పక్కన చాప మీద చేరాను. ఆవిడ మడిలో ఉన్నారని చెయ్యెడు దూరంగా కూర్చున్నాను. ముసుగు వచ్చే వేళ అయింది. గోడ లోపల ఎక్కడో ఒక్క చుక్క పడ్డ చప్పుడు వినిపించింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఊపిరి బిగబట్టి మరోదాని కోసం విన్నాం. రాలేదు. ఎండ కిటికీ దాటి వెళ్లిపోయింది. గోడ పొడిగానే ఉంది.

ఆవిడ చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు.

"అత్తయ్యా, మడి!" అన్నాను.

"తెలుసులే. మళ్లీ స్నానం చేస్తాను. నీ పురుడయ్యేదాకా ఎక్కడికీ పోను" అన్నారు. కళ్లు మాత్రం గోడ మీంచి తిప్పలేదు.