పోలమ్మ మోపెడ్ మైలేజి

2022 ఎండాకాలం. వాకాడు నుంచి కోటకు పోయే రోడ్డు పక్కన నాది టూవీలర్ మెకానిక్ షెడ్డు. రేకుల కప్పు, ముందు తాటాకు పందిరి. పెట్రోలు లీటరు నూరు రూపాయలు దాటి అప్పటికి చాలా కాలమే అయింది. అంతకుముందు బండి స్టార్టు కావడం లేదనో, చైను ఊడిపోతోందనో నా దగ్గరికి వచ్చేవాళ్లు. ఆ ఎండాకాలంలో మాత్రం వచ్చిన ప్రతి మనిషి నోటా ఒకటే మాట, మైలేజి.

ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చేసుకున్నారు. ఒకాయన పెట్రోలు ట్యాంకులో కలరా ఉండలు వేసుకొచ్చాడు. ఇంకొకాయన వంతెన దిగేటప్పుడల్లా ఇంజన్ ఆపేసి జారిపోతూ, ఒకరోజు బర్రెల మందలోకి పోయి ఆగాడు. నేను అందరికీ చెప్పింది మామూలు మాటలే. టైర్లలో గాలి తగ్గనివ్వద్దు, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా ఉంచుకోండి, ఊరికే యాక్సిలరేటర్ తిప్పొద్దు, రెండు పనులుంటే ఒకే తిరుగుడులో చూసుకోండి. విన్నవాళ్లు విన్నారు, లేనివాళ్లు లేదు. ఇన్నేళ్ల పనిలో ఎన్నో బండ్లు చూశాను గానీ, మైలేజి అనగానే నాకు ముందు గుర్తొచ్చేది పోలమ్మ మోపెడ్.

పోలమ్మది సముద్రం ఒడ్డు పల్లె. భర్త, మరిది ఒకే పడవ మీద వేటకు పోతారు. తెచ్చిన చేపలను ఇంటి ఆడవాళ్లు పంచుకుని, ఐస్ పెట్టెల్లో సర్దుకుని, మోపెడ్ల మీద గూడూరు దాకా పోయి అమ్ముకొస్తారు. ఆ పల్లెలో మొదట మోపెడ్ ఎక్కిన ఆడమనిషి పోలమ్మే. నలభై దాటి ఉంటుంది. గట్టి గొంతు, గట్టి చేతులు.

ఒకరోజు బండిని పందిరి కింద నిలబెట్టి, స్టాండు కూడా సరిగ్గా వేయకుండా అడిగింది.

"దాసన్నా, నా బండిలో పెట్రోలు యాడికి పోతాండాది?"

"కారుతోందా?"

"కారితే వాసనొచ్చేది గదా. నేనూ నా తోడికోడలూ ఒకే రోజు, ఒకే అంగట్లో కొన్నాం ఈ బండ్లు. పడవ ఒకటే, చేప ఒకటే, రోడ్డు ఒకటే. అది ఒకసారి పోయించుకునే లోపల నేను రెండుసార్లు బంకు కాడ నిలబడతాండా. బంకులో పిల్లోడు కూడా నవ్వతాండాడు."

తోడికోడలి పేరు సుజాత. చిన్న వయసు. నేనామెను చూశాను గానీ, బండి నా దగ్గరికి తెచ్చేది కాదు. ఎక్కడ చేయిస్తుందని అడిగాను.

"కోటలో. రమణ కాడ."

ఆ పేరు వినగానే నా చేతిలో స్పానర్ బరువెక్కింది. రమణ కోటలో కొత్తగా షెడ్డు పెట్టాడు. బండిని పైకి లేపే ర్యాంపు, గాలితో నట్లు విప్పే గన్, వచ్చినవాళ్లు కూర్చోవడానికి కుర్చీలు, ఫ్యాను, చల్లటి నీళ్లు. నా దగ్గర పాత టైరు మీద పలక వేసి కూర్చోబెడతాను. నా పాత ఖాతాదారులు కొందరు అప్పటికే అటు తిరిగిపోయారు. కోట మీదుగా పోయేటప్పుడల్లా వాడి షెడ్డు ముందు నిలబడ్డ బండ్లను చూసి మొహం తిప్పుకునేవాణ్ణి. ఇప్పుడు వాడు చేసిన బండి నేను చేసిన బండికి రెట్టింపు మైలేజి ఇస్తోందంటే, ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

పోలమ్మకు తోడికోడలి మీద, నాకు రమణ మీద. ఇద్దరం ఒకే మంటతో ఆ మోపెడ్ మీద పడ్డాం.

కార్బ్యురేటర్ విప్పాను. గాలీ పెట్రోలూ కలిసి ఇంజన్‌లోకి పోయేది అందులోంచే. దాన్ని కడిగి మళ్లీ సెట్టింగ్ చేశాను. స్పార్క్ ప్లగ్ మార్చాను. బ్రేకు పట్టేస్తూ ఉంటే బండి తన బలంతో తానే పోట్లాడుతుంది కాబట్టి చక్రాలు చేత్తో తిప్పి చూశాను, నున్నగా తిరిగాయి. చైనుకు నూనె పెట్టాను. ఇన్ని చేసి పంపితే, మళ్లీ వచ్చి అదే మాట. మళ్లీ చూశాను. మళ్లీ అదే మాట.

"రమణ ఏందో మందు పెడతాండాడు దాని బండికి," అంది పోలమ్మ. "నీకు తెలీదా ఆ మందు?"

ఆ మాట నాకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. చివరికి బాటిల్ టెస్ట్ పెట్టాను. ట్యాంకు నుంచి వచ్చే పైపు తీసేసి, కొలిచి పోసిన చిన్న పెట్రోలు సీసాను హ్యాండిల్‌కు కట్టి, అది అయిపోయేదాకా నడిపి ఎంత దూరం వచ్చిందో చూడటమే ఆ పరీక్ష. చేప పెట్టెల బరువుకు సమానంగా ఇసుక సంచులు వేసుకుని నేనే నడిపాను. బండి రావాల్సినంత దూరమూ వచ్చింది. దోషమేమీ లేదు. అదే సీసాతో పోలమ్మను చేపలతో పొమ్మన్నాను. ఆమె ఫోను చేసేసరికి సగం దారి దాటిందో లేదో, సీసా ఖాళీ.

"ఇదేందన్నా, బండి కూడా మగోళ్ల మాటే వింటాదా?" అంది. నవ్వింది గానీ కళ్లలో నవ్వు లేదు.

మరుసటి పొద్దున, గూడూరులో స్పేర్లు తెచ్చుకోవాలనే సాకుతో నా బండి మీద ఆమె వెనకాలే బయలుదేరాను. స్వర్ణముఖి బ్యారేజీ దాటి కోట చేరేదాకా బాగానే నడిపింది. నేను నేర్పినా అంతకన్నా బాగా నడపరు. కోట దాటాక తిన్నని రోడ్డు. దూరంగా ఒక ఎర్ర మోపెడ్, వెనక రెండు పెట్టెలు. సుజాత బండి.

ఒక్కసారిగా పోలమ్మ భుజాలు ముందుకు వంగాయి. మణికట్టు తిరిగింది. అంత బరువుతో ఉన్న చిన్న ఇంజన్ గొంతు చించుకుని అరవడం నాకు వెనక నుంచి వినిపించింది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పితే కార్బ్యురేటర్ నోరు పూర్తిగా తెరుస్తుంది, బండి కదిలేదానికంటే తాగేదే ఎక్కువ. స్పీడు బ్రేకర్ రాగానే గట్టిగా బ్రేకు, దాటగానే మళ్లీ పూర్తి యాక్సిలరేటర్. సుజాత పక్కనుంచి తల కూడా తిప్పకుండా దూసుకుపోయింది. గూడూరు వచ్చేదాకా ఆ మణికట్టు దిగలేదు. సుజాత మాత్రం ఆ రోడ్డు మీద చీమలాగా, ఒకే తీరున, అంచు పట్టుకుని వస్తూనే ఉంది.

గూడూరులో టీ అంగడి దగ్గర పోలమ్మను ఆపి, చూసింది చెప్పాను. "నీ పెట్రోలు ట్యాంకులో పోవడం లేదు పోలమ్మా, కోట దాటాక పోతోంది. సుజాతను దాటేదాకా పోతోంది, దాటాక మళ్లీ అందుకుంటుందేమోనని పోతోంది."

ఆమె టీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"దాన్ని జూసి నేను కుళ్లుకుంటాన్నానంటావా?"

"నేనా మాట అనలేదు."

"అన్నావు. నీకు చేతగాక నా చెయ్యి మీద పెడతాండావు. దాన్ని ఈ రోడ్డు మీదకి తెచ్చింది ఎవురు? నా పాత బండి ఎనకాల కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ చూపించినాను. ఈ అమ్మగారికి వంజరం ఇష్టం, ఆ అయ్యగారు రొయ్యలు తప్ప తినడు అని చెప్పి ఇచ్చినాను. ఈ పొద్దు ఆ ఇండ్లల్లో దానికి ఫోన్లు చేసి పిలిపించుకుంటాండారు. నేను వీధిలో అరిస్తే 'ఇప్పుడే సుజాత కాడ తీసుకున్యాం' అంటారు. దానికంటే ముందు పోకపోతే నేను చేపలు సముద్రంలో పోసుకోవాల. కోటకే పోతాలే ఇంక, ఆ రమణే నయం."

వెళ్లిపోయింది. ఆమె చెప్పిన బాధ నాకు అర్థమైంది గానీ, నిజం చెప్పాలంటే దారి పొడుగునా నా చెవిలో మోగింది చివరి మాటే.

ఆమె కోటకూ పోలేదు, నా దగ్గరికీ రాలేదు. కొన్నాళ్లకు ఒక పొద్దున ఫోను వచ్చింది. ఎత్తితే సుజాత.

"దాసన్నా, అక్క బండి ఆగిపోయినాది. కోట దాటినాక, చింత చెట్లు వచ్చే కాడ. పొగ వస్తాండాది. బిన్నా రా."

పోయేసరికి బండి రోడ్డు పక్కన ఉంది. ట్యాంకు మూత తీయకముందే వాసన తెలిసింది. కిరసనాయిలు. ఖర్చు తగ్గుతుందని పోలమ్మ, పడవ ఇంజన్ కోసం ఇంట్లో ఉంచిన డబ్బాలోంచి తీసి పెట్రోలులో కలిపింది. పెట్రోలు కోసం చేసిన ఇంజన్‌లో అది సరిగ్గా మండదు, వేడెక్కి, ప్లగ్‌కు మసి పట్టి, బండి చచ్చిపోతుంది. ఆ స్థితిలో కూడా పూర్తి యాక్సిలరేటర్ మీదే తోలి ఉంటుంది. ఇంజన్ మీద చెయ్యి పెట్టలేకపోయాను.

పోలమ్మ తన చేప పెట్టె మూత మీద రెండు చేతులూ ఆన్చి నిలబడి ఉంది. ఎండ ఎక్కుతోంది, పెట్టె కింద నుంచి ఐస్ నీళ్లు కారుతున్నాయి. సుజాత ఎదురుగా నిలబడి బతిమాలుతోంది.

"నా పెట్టెలో సగం చోటుండాది అక్కా. నేను అమ్ముకొస్తా."

"నా చేపలు నువ్వు అమ్మేదేంది? నువ్వు ముందు పోతాంటివి గదా, ఎనక్కి ఎందుకొచ్చినావు?"

"రోజూ కోట దాటంగానే జుయ్యిమని నన్ను దాటుకుని పోతావు. ఈ పొద్దు ఎంతసేపు అద్దంలో చూసినా నువ్వు రాలా. భయమేసి తిరుక్కున్నాను."

పోలమ్మ మూత మీద నుంచి చేతులు తీయలేదు. సుజాత గొంతు అప్పుడు మారింది. ఆ అమ్మాయి గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

"నువ్వు నన్ను జూసి ఏడస్తాండావని ఊరంతా అనుకుంటాండారు. నా సంగతి ఎవురికి తెలుసు? నా కాడ చేప తీసుకునే ప్రతి అమ్మా మొప్ప ఎత్తి చూస్తాది, ఏలుతో నొక్కి చూస్తాది, వాసన చూస్తాది. నీ కాడ గిన్నె పెట్టి లోపలికి పోతారు, నువ్వేసిందే తీసుకుంటారు. ఇన్నేండ్లయినా 'పోలమ్మ రాలేదా' అనే అడుగుతారు నన్ను. నాకెంత కడుపుమంటగా ఉంటాదో నీకు తెలుసునా?"

పోలమ్మ అడిగింది.

"మరి అంత ముందుగా ఎందుకు పోతావు, నా బేరం చెడగొట్టేదానికి గాకపోతే?"

"లారీలంటే భయం అక్కా నాకు. మెల్లగానే పోతా. మెల్లగా పోతే లేటవుతాదని ముందు బయలుదేరతా. అంతే."

నేను ప్లగ్ విప్పుతూ కింద కూర్చుని ఉన్నాను. రమణ మందు ఏమిటో అప్పుడు తెలిసింది. ఆ అమ్మాయి భయం. ఇన్ని రోజులూ నా నిద్ర పాడుచేసిన మైలేజిలో రమణ చెయ్యి ఏమీ లేదు. ఎందుకైనా మంచిదని సుజాత బండి ఎయిర్ ఫిల్టర్ కూడా తీసి చూశాను. దుమ్ముతో నిండిపోయి ఉంది. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పోలమ్మ చివరికి మూత ఎత్తింది. "తీసుకో. నా చేపలని చెప్పి అమ్ము. మొప్పలు ఎత్తనియ్యబాక."

సుజాత సర్దుకుని పోయింది. మేమిద్దరం బండిని ఆటోలో వేసుకుని షెడ్డుకు తెచ్చాం. ట్యాంకు, కార్బ్యురేటర్ ఖాళీ చేసి కడిగి, ఇంజన్ ఆయిల్ మార్చాను. అదృష్టం కొద్దీ పిస్టన్ పట్టేయలేదు. బండి తీసుకునేటప్పుడు పోలమ్మ అడిగింది.

"రెండు బండ్ల సరుకు ఒక బండి మోస్తాదా దాసన్నా?"

"వెనక క్యారియర్ గట్టిది వేసి, గాలి సరిగ్గా పెట్టి, మెల్లగా పోతే మోస్తుంది."

"మెల్లగా పోవడం దాని కాడే నేర్చుకోవాల," అంది.

ఆ తరువాత వాళ్లు వంతులు వేసుకున్నారు. ఒకరోజు ఈమె, ఒకరోజు ఆమె. ఇద్దరి చేపలూ ఒకే బండి మీద పోతాయి. ఇంట్లో ఉన్నామె ఎండు చేపల పని చూసుకుంటుంది. వీధి వీధీ ఇంజన్ ఆపకుండా తిరగడం మాని, ముందే ఫోన్లు చేసి, ఒక చోట బండి ఆపితే కావలసినవాళ్లు అక్కడికే వస్తున్నారు. దాటాల్సిన బండి లేదు కాబట్టి పోలమ్మ మణికట్టు కూడా దిగింది. ఇద్దరికీ కలిపి పెట్రోలు ఖర్చు సగానికి సగం పడిపోయింది.

అసూయ పోయిందని మాత్రం చెప్పను. గాలి పెట్టించుకోవడానికి వచ్చినప్పుడు సుజాత అడుగుతుంది, "అక్క ముందు తన పెట్టె ఖాళీ చేసి ఆనక నా పెట్టె తెరస్తాందంట, నిజమేనా అన్నా?" అని. పోలమ్మ వచ్చి అదే మాట సుజాత మీద చెబుతుంది. నేను గాలి పెట్టి పంపిస్తాను.

నా సంగతీ అంతే. సుజాత పనితనం చూసి ఆ పల్లె నుంచి ఇంకా కొందరు మోపెడ్లు తీసుకుని బయలుదేరారు. మైలేజి బాగా రావాలంటే కోటలో రమణ దగ్గరికే పోవాలని ఆ పల్లెలో చెప్పుకుంటారట. ఈ మాట నాకు చెప్పింది పోలమ్మే, కాస్త సంతోషంగానే చెప్పింది.

పెట్రోలు ధర మన చేతిలో లేదు. యాక్సిలరేటర్ మన చేతిలోనే ఉంది, కానీ ఆ చేతిని తిప్పేది చాలాసార్లు మనం కాదు, పక్కవాడు. ఈ సంగతి నాకు ఏ ఇంజనూ నేర్పలేదు. అందుకే ఇప్పుడు మైలేజి రాలేదని ఎవరు వచ్చినా స్పానర్ వెంటనే పట్టుకోను. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆ రోడ్డు మీద రోజూ వాళ్ల ముందు ఎవరి బండి పోతుందో అడుగుతాను. చాలామంది ఆలోచించకుండానే పేరు చెప్పేస్తారు.