తుపాకీ గొట్టంలో పసుపు

ఇసుకలో పడ్డ గుండును మళ్ళీ తుపాకీలో వేయకూడదు. ఈ ఒక్క మాట బాపట్లలో ఎన్నిసార్లు చెప్పి ఉంటానో నాకే తెలియదు. చెప్పి చెప్పి విసిగి గోడ మీద రాయించాను. పనివాళ్ళు ఆ గోడ నీడలోనే కూర్చుని ఇసుక జల్లించి, గుండ్లు ఏరి, లుంగీకి తుడిచి డబ్బాలో పోసేవాళ్ళు. ఏమిటిది అంటే "కొత్తవాటిలాగే ఉన్నాయి కదండి" అనేవాళ్ళు. ఎండు బఠాణీ అంత ప్లాస్టిక్ గుండు అది. దానికి ఒక్క ఇసుక రేణువు అంటినా లోపలి ఇత్తడి గొట్టం గీసుకుపోతుంది. గీసుకుపోయిన గొట్టంలోంచి వచ్చే గుండు ఎదుటివాణ్ణి వదిలేసి సరుగుడు తోటలోకి పోతుంది. అప్పుడు అందరూ నా దగ్గరికి వచ్చి తుపాకీ బాగాలేదంటారు.

ఇవి నిజం తుపాకులు కావు. ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు. బ్యాటరీతో లోపల చిన్న మోటారు తిరిగి స్ప్రింగును వెనక్కి లాగి వదులుతుంది, ఆ గాలి గుండును తోస్తుంది. కళ్ళకు అద్దాలు, మొహానికి ముసుగు పెట్టుకుని, రెండు జట్లుగా విడిపోయి, డ్రమ్ముల చాటునా టైర్ల చాటునా దాక్కుని ఒకరినొకరు కొట్టుకునే ఆట. సూర్యలంక వెళ్ళే దారిలో ఈ ఆట పెట్టిన ఆసామి రేపల్లె వైపు రొయ్యల చెరువుల మీద పైకి వచ్చినవాడు. సముద్రానికి వచ్చేవాళ్ళు మునిగి వెళ్ళిపోతున్నారే తప్ప దారిలో ఎక్కడా ఆగడం లేదని కనిపెట్టి, స్థలం కొని, షెడ్డు వేసి, తుపాకులు తెప్పించాడు. తెప్పించాక వాటి బాగోగులు చూసేవాళ్ళు లేరని తెలుసుకున్నాడు.

అప్పుడు నేను గుర్తొచ్చాను. రేపల్లె దగ్గర మా ఊళ్ళో, మా తాతగారి హాల్లో, గోడకు తుపాకులుండేవి. నేను ఒక్కదాన్నే సంతానం. అందుకని వాటిని విప్పడం, తుడవడం, నూనె పెట్టడం మా నాన్నగారు నాకే నేర్పారు. తర్వాత భూములు కొన్ని సీలింగులోనూ, కొన్ని కోర్టుల్లోనూ, మిగిలినవి మా బాబాయిల పేకాటలోనూ పోయాయి. తుపాకులు పోలీస్ స్టేషన్లో అప్పగించాం. ఇల్లు అమ్మాం. ఇప్పుడు నేను తెనాలిలో రెండు గదుల వాటాలో అద్దెకు ఉంటూ పాసింజరులో బాపట్ల వెళ్ళి వస్తుంటాను. యాభై దాటి చాలా కాలమైంది. అయినా మా ఊరివాళ్ళు నన్ను ఇప్పటికీ "అమ్మాయిగారు" అనే పిలుస్తారు. మా ఆసామి కూడా అంతే. అతని తల్లి ఒకప్పుడు మా ఇంటికి బంతిపూలు తెచ్చేది. చిన్నప్పుడు ఆవిణ్ణి నేను "నువ్వు" అనేదాన్ని. ఈ పనిలో చేరాక "మీరు" అంటున్నాను. అది నాలుకకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదు.

ఈ పని పోతే నాకు మిగిలేది గుంటూరులో మా పిన్ని కూతురి ఇల్లు. "ఒక్కదానివి ఎందుకక్కా, వచ్చి మాతో ఉండు, పిల్లలకు తోడుగా ఉంటుంది" అని ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది. తోడు అంటే స్కూలు బస్సు దగ్గర నిలబడటం, టిఫిన్ డబ్బాలు కడగటం, చుట్టాలు వచ్చినప్పుడు "పాపం, ఎంత బతుకు బతికారో" అనిపించుకోవడం. బాపట్లలో నన్ను పాపం అన్నవాళ్ళు లేరు. "అమ్మాయిగారూ, ఇది పేలట్లేదండి" అంటారు. ఎందుకు పేలడం లేదో నాకు తెలుసు. అది నాకు చాలు.

అయితే వేసవిలో పరువు పోయింది. ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పట్టాయి. ఎవరో బ్యాటరీలు ఛార్జింగులో పెట్టి మరిచిపోతే ఉబ్బిపోయాయి. తుప్పు వదులుతుందని ఒక మహానుభావుడు కొబ్బరినూనె పోశాడు. గుండు గొట్టంలోకి వెళ్ళేచోట ఒక చిన్న రబ్బరు ముక్క ఉంటుంది. గుండును సుడి తిప్పి దూరంగా పంపేది అదే. నూనె తగిలి అది ఉబ్బింది. సిలికాన్ ఆయిల్ తప్ప ఏదీ వాడకండి, అది కూడా రబ్బరుకు తగలనీయకండి అని చెప్పాను. వింటే కదా. ఆడడానికి వచ్చినవాళ్ళు గొడవపడి వెళ్ళిపోయారు. ఆసామి నన్ను పిలిచి అన్నాడు:

"దసరా దాకా చూస్తానండి అమ్మాయిగారూ. పండగ రోజు ఈపురుపాలెం నుంచి బట్టల కొట్లవాళ్ళు వస్తామన్నారు. ఆ రోజు కూడా ఇవి మొరాయించాయంటే షెడ్డు ఎత్తేసి పెళ్ళిళ్ళకి లాన్ చేస్తానండి. కుర్చీలైతే తుప్పు పట్టవు కదా."

ఆ తర్వాత నేను ఎవరినీ తుపాకుల గదిలోకి రానివ్వలేదు. స్క్రూలు మార్పించాను. రబ్బర్లు కొత్తవి వేశాను. ప్రతి గొట్టంలోకీ కడ్డీకి చుట్టిన మెత్తటి గుడ్డ పోనిచ్చి, గుడ్డ తెల్లగా బయటికి వచ్చేవరకూ తుడిచాను. గుండ్లు పెట్టే మేగజైన్లు ఖాళీ చేసి స్ప్రింగులకు విశ్రాంతి ఇచ్చాను. నవమి నాడు నాకు ఇంట్లో పూజ ఉంటుంది కాబట్టి, ముందు రోజు సాయంత్రం ఆసామి చేతికే తాళాలిచ్చి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి తెనాలి వెళ్ళాను.

దశమి ఉదయం వచ్చి గది తలుపు తీసేసరికి కర్పూరం వాసన కొట్టింది.

బల్ల మీద ఎర్రటి జాకెట్టు గుడ్డ పరిచి, దాని మీద తుపాకులన్నీ వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. ప్రతిదానికీ బంతిపూల దండ. పిడి నుంచి గొట్టం చివరిదాకా పసుపు ముద్ద పూసి కుంకుమ బొట్లు పెట్టారు. గొట్టం మూతిలో కూడా వేలు పెట్టి పసుపు మెత్తారు. అది రాత్రంతా ఆరి సున్నం పెట్టినట్టు గట్టిపడింది. మేగజైన్ల నోట్లో అక్షింతలు. ఒక మేగజైన్ ఊపి చూస్తే లోపల బియ్యం గలగలమన్నాయి. అన్నింటి మీదా జిగురుగా ఏదో చల్లి ఉంది. వాసన చూస్తే కొబ్బరి నీళ్ళు.

ఆసామి వెనక నిలబడ్డాడు.

"ఆయుధపూజండి. మా అమ్మ వచ్చి చేసింది."

"ఇవి ఆయుధాలని మీ అమ్మగారికి ఎవరు చెప్పారు?"

"తుపాకులు కదండి మరి. మా వలలకీ, మోటార్లకీ, ట్రాక్టరుకీ చేస్తాం. వీటికి చెయ్యకపోతే ఎలాగండి?"

"ట్రాక్టరు సైలెన్సర్లో పసుపు మెత్తుతారా?"

అతను ఆలోచించి "మెత్తమండి" అన్నాడు. ఈపురుపాలెం వాళ్ళు పదింటికి వస్తారు.

దండలు తీసి అవతల పడేశాను. పనివాళ్ళలో ఇద్దరిని కూర్చోబెట్టి మేగజైన్లు విప్పించాను, గింజ గింజా దులపమన్నాను. నేను గొట్టాలు ఊడదీసి, రబ్బర్లు పక్కన పెట్టి, వేడినీళ్ళలో ముంచి కడ్డీతో తోశాను. పసుపు వదలలేదు. మళ్ళీ ముంచి మళ్ళీ తోశాను. దుగ్గిరాల పసుపని ఆవిడ ప్రత్యేకంగా తెప్పించిందట, వెనకనుంచి ఎవరో చెప్పారు. అది వినాల్సిన సమయమా అది? నా వేళ్ళు, చీర కుచ్చిళ్ళు, కళ్ళజోడు అన్నీ పసుపే. కొబ్బరి నీళ్ళు లోపలి మోటారు దాకా పోయిన తుపాకులు రెండో మూడో ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా పక్కన పెట్టేశాను. మిగిలినవి ఆరబెట్టి, బిగించి, ఒక్కొక్కటీ గోడ మీదికి పేల్చి చూశాను. గుండు తిన్నగానే పోతోంది. ఊపిరి పీల్చుకునేలోపల బయట వ్యాన్ ఆగింది.

బట్టల కొట్ల కుర్రాళ్ళు పండగ బట్టల్లోనే దిగారు. పిడుల సందుల్లో ఇంకా మిగిలిన పసుపు, కుంకుమ చూసి ఒకడు అందుకున్నాడు.

"ఏంటి ఆంటీ, తుపాకీకి మంగళస్నానమా?"

"బొట్టు కూడా పెట్టారు. దీనితో కొడితే పాపం తగలదురా."

"ఒరే, నువ్వు పేరంటానికి వచ్చావా, యుద్ధానికి వచ్చావా?"

అద్దాలు పెట్టుకోమని, ఆట మధ్యలో తీయొద్దని చెప్పి పక్కకు వచ్చాను. ఆట మొదలైంది. కాసేపు అంతా బాగానే జరిగింది. అంతలో డ్రమ్ముల వెనకనుంచి పెద్ద నవ్వు వినిపించింది. పనివాళ్ళు సరిగ్గా దులపని మేగజైన్ ఒకటి ఉండిపోయింది. గుండుతోపాటు పచ్చటి బియ్యం గింజలు ఎగిరి ఎదుటివాడి తల మీద పడ్డాయి.

"అక్షింతలు పడ్డాయిరా! దీవించారు నిన్ను!"

"అయితే ఈ ఏడు పెళ్ళయిపోద్ది వీడికి!"

"నన్నూ కొట్టరా, నాకూ సంబంధాలు చూస్తున్నారు!"

ఇక ఆట ఆటగా సాగలేదు. అందరూ ఆ ఒక్క తుపాకీ కోసం ఎగబడ్డారు. తర్వాత అది నిజంగానే ఇరుక్కుపోయింది. అప్పుడైనా గొడవ చేశారా అంటే అదీ లేదు. వీడియోలు తీసుకున్నారు. వెళ్తూ వెళ్తూ ఆసామికి చెయ్యి ఊపి, "మళ్ళీ దసరాకి వస్తామండి, అక్షింతలు మాత్రం మానకండి" అన్నారు.

ఆసామి మొహం వెలిగిపోయింది. నా దగ్గరికి వచ్చాడు.

"లాను లేదు, ఏమీ లేదండి అమ్మాయిగారూ. తుపాకులే ఉంటాయి. ఇంక పండగ పండక్కీ అక్షింతల ఆట పెడదామండి. బియ్యం కాస్త సన్నవి వేస్తే ఇరుక్కోవేమో చూడండి."

నాలుగు నెలలుగా నేను గొట్టాలు తుడిచి, రబ్బర్లు మార్చి, తుప్పుతో కుస్తీ పట్టింది దేనికి? షెడ్డు నిలబడింది బియ్యం గింజల వల్ల. నా పని నిలబడిందని సంతోషించాలో, ఇలా నిలబడినందుకు సిగ్గుపడాలో నాకు అర్థం కాలేదు. నోట్లోంచి మాత్రం ఒకటే మాట వచ్చింది.

"ఈ తుపాకుల్లో బియ్యం వేస్తే నేను రాను. లాను చేసుకోండి."

అన్నాక నాకే భయం వేసింది. గుంటూరులో పిన్ని కూతురి ఇల్లు కళ్ళ ముందు కనిపించింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. అతను నా వైపు, తుపాకుల వైపు మార్చి మార్చి చూశాడు.

"మీరు రాకపోతే ఇవి పేలేదేంటండి. సరే, బియ్యం వద్దు. కానీ మా అమ్మకి మీరే చెప్పాలి. నేను చెబితే తిడుతుంది."

ఆవిడ షెడ్డు వెనక వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉంది. ఏం చెప్పాలో దారిలో గట్టిగా అనుకునే వెళ్ళాను.

"ఆ పసుపు గొట్టంలో ఎందుకు పెట్టారు?"

"మీ తాతగారి హాల్లో చేసినట్టే చేశానండి అమ్మాయిగారూ. పూలబుట్ట దించి గుమ్మంలో నిలబడి చూసేదాన్ని కదా. పసుపు, కుంకం, అక్షింతలు, కొబ్బరికాయ. మా వాడి తుపాకులకి కూడా అంత వైభవంగా జరగాలనుకున్నాను. ఏమన్నా తేడా జరిగిందాండి?"

"పూజకి ముందే గొట్టాల మూతులకి బిరడాలు పెట్టేవాళ్ళం. పిడి మీద తప్ప పసుపు రాసేవాళ్ళం కాదు. అది చూడలేదా?"

"ఎక్కడండి! తలుపులేసుకుని అన్నీ సర్దేవారు. హారతి వేళకే తలుపు తీసేవారు. మేము గడప దాటకూడదు కదా. లోపలికి రానిస్తే చూసేదాన్నండి." అదే గొంతుతో, "పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నారా?" అని అడిగింది.

నేను అనుకుని వెళ్ళిన మాటల్లో ఒక్కటీ పనికి రాలేదు. ఆవిడ నిష్ఠూరమాడినా జవాబు చెప్పేదాన్ని. ఆడలేదు. "లేవండి, గదిలోకి రండి" అన్నాను. తుపాకుల గదిలో నా స్టూలు పక్కన ఇంకో స్టూలు వేసి కూర్చోబెట్టాను. ఇరుక్కుపోయిన మేగజైన్ చేతికిచ్చి, స్ప్రింగు ఎక్కడ నొక్కితే గింజలు బయటికి వస్తాయో చూపించాను.

"గోరుతో నొక్కండి. వేలు దూర్చకండి."

"గోరుతోనేనండి."

గోరుతో కాదు. వేలు దూర్చింది, నలిగింది, "అబ్బా" అంది, మళ్ళీ దూర్చింది. మేగజైన్ లాక్కోవాలని చెయ్యి చాచి ఆపుకున్నాను. ఆవిడకు బిరడాల ఆలోచన నచ్చింది.

"మళ్ళీ ఏడుకి వీటన్నిటికీ వెండి బిరడాలు చేయిస్తానండి."

"వెండివి వద్దు. గొట్టం గీసుకుపోతుంది."

"మీ ఇంట్లో వెండివే కదండి?"

"చెక్కవి. గుడ్డ చుట్టి పెట్టేవాళ్ళం."

"ఊరుకోండి అమ్మాయిగారూ, మీ ఇంట్లో చెక్కవేంటి! మీకు అన్నీ వెండివేనని ఊరంతా అనుకునేవాళ్ళం."

మా ఇంట్లో చెక్కవే ఉండేవని ఆవిణ్ణి ఒప్పించేసరికి నా తెనాలి పాసింజరు వెళ్ళిపోయింది.