కుడివైపు చూసి రోడ్డెక్కిన అక్క

వియత్నాం చూద్దామని వచ్చాం. ఈ రోజు మా అక్క నా కళ్ల ముందే బస్సు కింద పడబోయింది.

పొద్దున టిఫిన్ కోసం బయల్దేరాం. మిర్యాలగూడలో అలవాటైనట్టే అక్క ముందు కుడివైపు చూసి రోడ్డు మీద అడుగు పెట్టింది. బస్సేమో ఎడమవైపు నుంచి వచ్చేసింది. జబ్బ పట్టి వెనక్కి లాగితే ఇద్దరం ఫుట్‌పాత్ మీద పడ్డాం.

“నేను సూసిననే! ఒక్క బండి గూడ లేకుండె!” అని అక్క ఏడ్చింది.

“గీడ బండ్లు ఎడమ దిక్కు నుంచి వస్తయక్కా” అన్నాను.

టిఫిన్ మానేసి గదికి తిరిగొచ్చేశాం. సాయంత్రమైనా అక్క నా చెయ్యి వదల్లేదు. ఈ పోస్టు ఒంటిచేత్తోనే టైపు చేస్తున్నాను. పరాయి దేశంలో మీకూ ఇలా అయితే రాయండి, చదివి వినిపిస్తే అక్కకు కాస్త ధైర్యం వస్తుంది.