చెరువునీళ్ళతో పోసిన స్తంభాలు

కొల్లేటి చెరువులవాళ్ళకి నీళ్ళ గురించి ఒకటే లెక్క: చేప బతికితే ఆ నీళ్ళు మంచివి. రెండువేల దశకంలో ఏలూరు నుంచి ఆ లంకల కరెంటు లైన్లు చూసే ఇంజనీరుగా ఉన్నప్పుడు, ఆ లెక్క నా ప్రాణం తోడేసింది.

అక్కడి ఉప్పుకీ తేమకీ కాంక్రీటు స్తంభాలు ఆగేవి కావు. లోపలి ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బేది, పైన సిమెంటు పెచ్చులూడేది. అందుకని తాడేపల్లిగూడెంలో కొన్ని స్తంభాలు వేరే రకంగా పోయించాం. చువ్వ మీద సిమెంటు మందం పెంచాం, కలిపే నీళ్ళు తగ్గించాం, మంచి కాలవనీళ్ళతో రోజుల తరబడి తడిపాం. చెరువుగట్టున పాతితే రెండు వానాకాలాలు దాటినా వెంట్రుకంత బీట లేదు. ఎంత సంబరపడ్డానో.

లైనంతటికీ అలాగే పోయమంటే కాంట్రాక్టరు ఏం చేశాడు? మోసుకురావడం ఎందుకని గట్టుమీదే పోత పెట్టాడు. వేసవి, కాలవలకి నీళ్ళు కట్టేశారు. చెరువులోని ఉప్పునీళ్ళే కలిపాడు, వాటితోనే తడిపాడు.

"చేపలు బతుకుతున్న నీళ్ళేనండీ, సిమెంటుకేం రోగం? తాగడానికే ట్యాంకరు నీళ్ళండీ ఇక్కడ. స్తంభాలక్కూడా తాగించమంటారా?" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. మంచినీళ్ళకి కరువని తెలిసే కదా గూడెంలో పోయించి తెమ్మన్నాను!

వద్దని మొత్తుకున్నా పాతేశారు. ఏడాది తిరిగేసరికి నిలువునా బీటలు, వాటిలోంచి కారిన తుప్పు. ఒకరోజు తీగ తెగింది. నీళ్ళకి గాలికొట్టే మిషన్లు ఆగిపోయి చేపలు చస్తాయని రైతులు లబోదిబోమన్నారు. మా పై అధికారి జీపులో వచ్చి, లైన్‌మన్‌ని స్తంభం ఎక్కమన్నాడు.

లైన్‌మన్ నావైపు చూశాడు. "ఎక్కమంటే ఎక్కుతానండి. ఆదివారం మా పాపకి బాప్తిస్మమండి," అన్నాడు మెల్లగా.

"ఎక్కొద్దు," అన్నాను.

"స్తంభం బాగానే ఉంది కదయ్యా," అన్నాడు అధికారి.

"బాగుంటే మీరెక్కండి సార్. నిచ్చెన నేను పట్టుకుంటాను."

"నాకు బీపీ ఉందయ్యా."

ఎంత తేలిగ్గా అనేశాడు! బీపీ లేకపోవడం లైన్‌మన్ చేసుకున్న పాపమా? ఇక మాటలు అనవసరమనిపించి స్తంభానికి మోకు కట్టించాను. నలుగురు రైతులు దూరంగా నిలబడి లాగారు. మొదటి గుంజుకే అది మొదలంటా ఫెళ్ళున విరిగి గట్టుమీద పడింది. లైన్‌మన్ ఉన్నచోటే చతికిలబడ్డాడు.

మా అధికారి డ్రైవరు వైపు తిరిగి, "జీపుకేం తగల్లేదు కదా?" అన్నాడు.