మా సీసాలో నీళ్ళు

డెబ్బైల చివర్లో హైదరాబాద్ శివార్లలోని ఒక విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రంలో చేరాను. జీవ, భౌతిక, రసాయన శాస్త్రాల వాళ్ళం కలిసి ప్రతి శనివారం సెమినార్ పెట్టుకునేవాళ్ళం. ఒకసారి మా ప్రొఫెసర్‌గారు, “ఈ కబుర్లన్నీ మనలో మనకేనా? ఊళ్ళోవాళ్ళకీ చెప్పండి” అంటూ నాకు మైక్రోస్కోప్ ఇచ్చి పక్కనున్న పుప్పాలగూడ ఊరికి పంపారు.

చావడి ముందు బల్ల వేసి, వాళ్ళ బావి నీటిచుక్కను గాజుపలక మీద పెట్టాను.

“ఇందులో కంటికి కనిపించని జీవులుంటాయండీ” అన్నాను.

ముందు నిలబడ్డ ఎల్లమ్మ అనే ఆవిడకు కోపం వచ్చింది. “మా నీళ్ళల్ల పురుగులున్నయంటవా? ఏది, జర సూడనీ.”

ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. “ఏం లేవు గదా!”

నేనూ చూశాను. నిజంగానే ఏమీ కదలడం లేదు.

“ఇగ నీ సీసల నీళ్ళు పెట్టు” అంది.

కేంద్రంలో నింపుకొచ్చిన నీళ్ళు పెట్టాను. ఆవిడ చూసి పడీపడీ నవ్వింది.

“అమ్మో, గిండ్ల జాతరే నడుస్తున్నది!”

అప్పటికే సగం సీసా తాగేశాను. నా ముఖం పాలిపోయింది. ఊరంతా వరుసకట్టి చూసి మరీ నవ్వింది.

ఎల్లమ్మకే జాలేసింది. “పరేషాన్ గాకు బిడ్డా. కాగవెడితే సస్తయేమో సూద్దాం” అని ఆ నీళ్ళనే పొయ్యి మీద మరిగించి, చల్లార్చి తెచ్చింది. మళ్ళీ చూశాం. ఒక్కటీ కదలలేదు. “మా బావిల గూడ ఎప్పుడన్న పడొచ్చు. ఇగ మా పోరగాండ్లకు కాగవెట్టే ఇస్త” అంది.

తర్వాత ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాను. నేను నోరు మూసుకుని నిలబడ్డ ఆ పాఠమంత బాగా ఏదీ సాగలేదు.